లెన్సు మీద పేరు నమ్మని మనిషి

మొన్న రాయదుర్గం మెట్రో స్టేషన్లో బ్యాగుల తనిఖీ దగ్గర, నా ముందున్న అమ్మాయి చేతుల నిండా సామానుతో అవస్థ పడుతూ "ఒక్క నిమిషం పట్టుకుంటారా ఆంటీ" అని తన కెమెరా నా చేతిలో పెట్టింది. కెమెరా కొత్తది. దానికి బిగించిన లెన్సు మాత్రం మా నాన్న వయసుది; మేము బాపు అంటాం. వేలు తగిలి దాని రింగు కాస్త తిరిగింది. ఎండలో వచ్చిందేమో, లోపలి పాత గ్రీజు వాసన గుప్పుమంది. కుట్టు మిషను నూనె వాసనకు దగ్గరగా ఉంటుంది అది, కాకపోతే చాలా కాలం మూసి ఉంచిన ట్రంకుపెట్టె వాసన కూడా అందులో కలిసి ఉంటుంది. లెన్సు చుట్టూ తెల్లటి అక్షరాల్లో పెద్ద జర్మన్ కంపెనీ పేరు ఉంది. అది చదవగానే నాకు ముందుగా తట్టింది, ఎంత బాగుందో అని కాదు, ఇది నిజంగా ఆ లెన్సేనా అని. అక్షరాల మధ్య ఎడం సరిగ్గా ఉందా, ఆ తెల్ల రంగు ఈమధ్య ఎవరైనా నింపారా అని ఒక కన్ను మూసుకుని పరీక్షగా చూస్తున్నాను. ఆ అమ్మాయి కెమెరా వెనక్కి తీసుకుంటూ నన్ను అదోలా చూసింది. పట్టుకుని ఉడాయిస్తానని అనుకుందేమో. నాకీ చూపు అంటించిన మనిషి ఈ రోజు ఉండి ఉంటే, ఆమె అలా అనుకోవడమే సబబు అనేవారు.

ఆయన పేరు విశ్వేశ్వరరావు. కాకినాడ వైపు నుంచి వచ్చి చాలా ఏళ్ళ కిందటే ఇక్కడ స్థిరపడ్డారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా టెస్టింగ్ టీముకు ఆయనే మేనేజరు. సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్ళు వేరే ఉంటారు, అందులో తప్పులు వెతకడం మా పని. ఆ పని ఆయనకు ఆఫీసు గుమ్మం దాటాక కూడా ఆగేది కాదు. క్యాంటీన్లో నేతి పెసరట్టు అని బోర్డు పెడితే, వంటాయనను పిలిచి నెయ్యి డబ్బా చూపించమనేవారు. లిఫ్టులో అంకె నొక్కి, వెలిగిందో లేదో చూసి, మళ్ళీ నొక్కేవారు. మనమంతా ఒకే కుటుంబం అంటూ పై వాళ్ళ నుంచి మెయిలు వచ్చిన రోజున, "కుటుంబం అంటున్నారంటే ఏదో తీసేయబోతున్నారమ్మా" అన్నారు. తర్వాతి వారమే ఆఫీసు క్యాబులు తీసేశారు. వెనకాల అందరూ ఆయనను డౌట్ల రావు అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఎవరు పెట్టారో కూడా తెలుసని ఒకసారి నాతో అన్నారు, కానీ రుజువు లేదట.

నేను కొత్తగూడ పిల్లను. టవర్లు రాకముందు నుంచీ అక్కడే ఉన్న ఇంటి దాన్ని. చేరిన కొత్తలో ఒక తప్పు కనిపెట్టానని ఉత్సాహంగా ఆయన దగ్గరికి వెళ్ళాను. ఫలానా వాళ్ళు రాసిన భాగం వల్లే వచ్చింది సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "వాళ్ళదని నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" అన్నారు. పోయినసారి కూడా వాళ్ళదే కదా సార్ అన్నాను. "పోయినసారి సంగతి పోయినసారే అయిపోయింది. నువ్వు ఒకేసారి మూడు సెట్టింగులు మార్చి చూశావు. అందులో ఏది చేసిందో నీకేం తెలుసు? ఒకసారికి ఒకటే మార్చు. తక్కినవన్నీ ఎక్కడివక్కడ ఉంచు. అప్పుడు రా, మాట్లాడుకుందాం." నేను మళ్ళీ చేశాను. తప్పు వాళ్ళది కాదు. అది నాకు సంతోషం కలిగించలేదు సరికదా, ఈ మనిషికి నా మీదే ఏదో కక్ష ఉందని అనుమానం వేసింది.

ఆయనకు ఒక పిచ్చి ఉండేది. పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల లెన్సులు పోగు చేసేవారు. ఈ కెమెరా సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాతిదేదీ అర్థం కాదు. మనం మామూలుగా అనుకునేట్టు దానిలో లెన్సులోంచి చూడం. పక్కన చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చూస్తాం. ఎదుటి మనిషి అందులో రెండుగా కనిపిస్తాడు. లెన్సు రింగు తిప్పుతూ పోతే ఆ రెండూ దగ్గరకొచ్చి ఒకటవుతాయి. ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. కిటికీ ఒకటి చెబుతుంది, లెన్సు ఇంకోటి చేస్తుంది; రెండూ ఒక మాట మీద ఉన్నంత కాలం అంతా బాగానే ఉంటుంది. రావు గారు ఆ లెన్సులను మధ్యలో అడాప్టర్ అనే ఇత్తడి రింగు వేసి కొత్త డిజిటల్ కెమెరాకు బిగించేవారు. అప్పుడు పక్క కిటికీతో పని లేదు, లెన్సు ఏం చూస్తోందో తెర మీద అదే కనిపిస్తుంది. ఒక అడాప్టర్‌తో తీసిందే మళ్ళీ రెండో అడాప్టర్‌తో కూడా తీసేవారు. ఎందుకు సార్ అంటే, మధ్యవర్తిని కూడా నమ్మకూడదు అనేవారు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అంతస్తు బాల్కనీలో ట్రైపాడ్ వేసేవారు. ఎదురుగా కడుతున్న టవరు, దాని మీద క్రేను, క్రేను మీద అక్షరాలు. అన్ని లెన్సులతోనూ అదే క్రేను, అదే వెలుగు. లెన్సుల మీద పేర్లు కనపడకుండా నల్ల టేపు చుట్టి ఉండేది. తీసిన ఫొటోలు లాప్‌టాప్‌లో పెట్టి, కాఫీకి వచ్చిన వాళ్ళందరినీ ఏది బాగుందని అడిగేవారు. ఒకరోజు నన్నూ అడిగారు. ఒక లెన్సు మీద టేపు కాస్త ఊడి ఉంది. లోపలి జర్మన్ పేరు నా కంట పడింది. ఆ లెన్సు ఫొటోనే చూపించి, దీనిలో ఏదో నిండుదనం ఉంది సార్ అన్నాను. ఆయన ఊడిన టేపును వేలితో మళ్ళీ అదిమి పెట్టారు. "నువ్వు ఫొటో చూడలేదమ్మా. పేరు చూశావు. నిండుదనం ఆ పేరులో ఉంది." చుట్టూ ఉన్న వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఇజ్జత్ కాపాడుకోవాలని, అప్పటి వరకూ ఆఫీసులో ఎవరికీ చెప్పని మాట ఒకటి నోరు జారాను. మా బాపు దగ్గర కూడా ఇలాంటి జర్మన్ కెమెరా, జర్మన్ లెన్సు ఉన్నాయి సార్, నాకు వీటి సంగతి తెలియకపోవడమేంటి అన్నాను.

ఆయన ముఖం మారిపోయింది. చేతిలో కప్పు పక్కన పెట్టి, "తెస్తావా? ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను" అన్నారు. అంతకుముందు ఎన్నడూ నాతో అంత మెత్తగా మాట్లాడలేదు. అదే నాకు నచ్చలేదు. పక్క సీటు ప్రవీణ్ నన్ను పక్కకు పిలిచి, "జర పైలం స్వప్నా. గిట్లనే తెలవనోళ్ళ దగ్గర పాత లెన్సులు తీసుకుంటరంట. ఇచ్చింది ఒకటి, తిరిగొచ్చేది ఒకటి అయితదేమో" అన్నాడు. ఎవరు చెప్పారని అడగలేదు నేను. రావు గారి దగ్గర ఇంతకాలం పనిచేసి కూడా ఆ ఒక్క ప్రశ్న నాకు తోచలేదు.

మా ఇంట్లో ఆ లెన్సుకు పెద్ద కథ ఉంది. బాపుకు కొత్తగూడలో ఫొటో స్టూడియో ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళంటే ఆయనే వెళ్ళేవాడు. కాక పెళ్ళి కుదిరింది. కాక అంటే బాపు సొంత తమ్ముడు. సరిగ్గా అప్పుడే బాపు కెమెరా లెన్సుకు లోపల బూజు పట్టింది. తమ్ముడి పెళ్ళికి మంచి లెన్సు ఉండాలని కోఠిలో ఆదివారం సంతలో వెతికి జర్మన్ లెన్సు ఒకటి కొన్నాడు. ఫ్లాష్ వేస్తే ముఖాలు సున్నం కొట్టినట్టు వస్తాయని, ఇంత గొప్ప లెన్సు ఉండగా దానితో పనేంటని, పందిట్లో నీడలోనే అన్నీ తీశాడు. ఫొటోలు కడిగించి చూస్తే కాక ముఖం మసక, పెళ్ళికూతురి ముఖం మసక. తలంబ్రాలు, తాళి, అప్పగింతలు, అన్నీ అంతే. పెళ్ళికూతురి వాళ్ళు గొడవ చేశారు. ఫొటోలు తీసేవాడు తాగి ఉన్నాడని ఎవరో అన్నారు. ఇక ఆ మాట ఆగలేదు. బాపు తాగలేదన్నాడు. అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఎవరూ నమ్మలేదు, అమ్మ కూడా. కాక మాట్లాడటం మానేశాడు. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు లేక స్టూడియో మూతపడింది. నాకు తెలిసినప్పటి నుంచీ బాపు ఒక టవరు పార్కింగ్‌లో సూపర్వైజరు. ఫోన్‌తో ఫొటో తియ్యమని ఎవరైనా ఇస్తే తియ్యడు, పక్కవాళ్ళకు అందిస్తాడు. ఆ కెమెరాను మాత్రం అమ్మలేదు.

నోరు జారాక తేనని అనలేకపోయాను; కానీ లెన్సు తీసుకెళ్ళేముందు నేను దాని మీద ఉన్న గీతలన్నీ ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. మార్చేస్తే పట్టుకోవాలని. రావు గారికి ఇస్తున్నప్పుడు ఏ గాభరాలోనో ఫోన్ తెర తెరిచే ఉంచాను. ఆయన చూడనే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకు కోపం రాలేదు, పైగా ముఖం విప్పారింది. "మంచి పని చేశావమ్మా. కానీ నంబరు తీయలేదేం? గీతలు ఎవరైనా గీయగలరు" అని లెన్సు తిప్పి, చెక్కి ఉన్న నంబరు నాకు ఎదురుగా పెట్టి, ఫొటో తీసేదాకా కదలలేదు. తనను అనుమానించినందుకు నన్ను మెచ్చుకున్న మనిషి ఆయన ఒక్కరే. అయినా నా అనుమానం పోలేదు. ఇంత తేలిగ్గా నంబరు చూపించాడంటే ఇంకేదో దారి ఉండి ఉంటుందని ఆ రోజంతా ఆలోచించాను.

రెండు రోజుల తర్వాత పిలిచారు. "దీని పేరు నేను నమ్మనమ్మా" అన్నారు. లోపలి మర చుట్లు జర్మనీ వాళ్ళు కోసేవి కావట, రష్యాలో చేసిన లెన్సుకు ఎవరో పేరు మార్చి చెక్కారట. నాకు బాపు ముఖం గుర్తొచ్చింది. తక్కువ చేసి చెప్పి కొట్టేయడానికే ఈ మాటంతా అనిపించింది. ఉన్న పేరు ఉండనివ్వండి, లెన్సు ఇచ్చేయండి సార్ అన్నాను, కాస్త కటువుగానే. ఆయన ఇచ్చేశారు. ఇస్తూనే లాప్‌టాప్ నా వైపు తిప్పారు. క్రేను మీద అక్షరాలు, వాటి కింద తుప్పు, పక్కన నిలబడ్డ పనివాడి హెల్మెట్ పట్టీ, అన్నీ గీసినట్టు ఉన్నాయి. "పేరు అబద్ధం. లెన్సు మాత్రం మంచిది. నా దగ్గరున్న అసలు జర్మన్ లెన్సు కంటే నీదే నాకు నచ్చింది, టేపు వేసి చూశాను కూడా."

ఆ ఫొటో చూసి నేను సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది. లెన్సు ఇంత మంచిదైతే తప్పు ఎవరిదన్నట్టు? ఇన్నేళ్ళూ లోపలెక్కడో, లెన్సు పాడైపోయి ఉంటుందిలే అని సర్దుకున్నదాన్ని. ఆ ఆధారం కూడా పోయింది. ఏమైందమ్మా అంటే కాక పెళ్ళి సంగతంతా చెప్పేశాను. ఆఫీసులో పై మనిషికి చెప్పే సంగతి కాదు అది. ఆయన ఓదార్చలేదు. ఓదార్చడం ఆయనకు రాదు. వేళ్ళతో బల్ల మీద తడుతూ, "ఎటు మసక?" అని అడిగారు. నాకు అర్థం కాలేదు. "ముఖాలు మసక అన్నావు. మరి ఏది స్పష్టంగా ఉంది? ముందున్నదా, వెనకున్నదా?" నాకు చటుక్కున మా మేనత్త గుర్తొచ్చింది. ఆ పెళ్ళి ఫొటోల్లో పెళ్ళికూతురి వెనకే ఆనుకుని నిలబడ్డ మా మేనత్త మాత్రం ముక్కుపుడక రాయితో సహా మెరుస్తూ పడింది. పెళ్ళి ఎవరిదో తెలియదు గానీ ఫొటోలు మాత్రం ఆమెవేనని మా వాళ్ళు ఇప్పటికీ ఎకసెక్కాలాడతారు. "అన్నిట్లోనూ ఆవిడేనా? ఒక్కదాంట్లో అయినా ముందున్న వాళ్ళు పడ్డారా?" లేదన్నాను. రావు గారు లేచి నిలబడ్డారు. "తాగినవాడి చెయ్యి నిలకడగా ఉండదమ్మా. ఒకసారి ముందుకు పోతుంది, ఒకసారి వెనక్కి. ప్రతిసారీ జానెడు వెనకే పడిందంటే అది చెయ్యి కాదు. ఆ కెమెరా ఉందా ఇంకా?"

ఆదివారం పొద్దున ఆయన కొత్తగూడ వచ్చారు. రెండు హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న మా ఇంటికి, సందులో కారు పట్టక నడుచుకుంటూ, భుజానికి సంచితో. అమ్మ నన్ను వంటింట్లోకి లాగింది. "ఎవరే గాయన? గింత మర్యాదగ మాట్లాడెటోళ్ళు మన జాగ కోసమే వస్తరు. పొద్దున్నుంచి అండి అండి అంటుండు." మా సార్ అమ్మా, కెమెరా చూస్తాడంట అన్నాను. "కెమెరా చూస్తందుకు కాకినాడాయన గింత దూరం వస్తడా?" అమ్మ ఆయనకు టీ ఇచ్చింది గానీ, ఇంటి కాగితాలున్న బీరువాకు ఆనుకుని నిలబడింది. బాపు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. ఏం సార్, ఇగ గా ముచ్చట ఎందుకు, అయిపోయింది గద అన్నాడు. రావు గారు మాత్రం ఆయనతో కెమెరా గురించి తప్ప వేరే మాట్లాడలేదు. ఎప్పుడు కొన్నారు, ఎవరు బాగు చేశారు, ఆ లెన్సు వేశాక ఎండలో తీశారా అని అడిగారు. తీసిన సార్, మస్తుగొచ్చినయ్, అందుకే లెన్సుది తప్పు కాదని నాకు ఎరికైంది అన్నాడు బాపు, నేల చూస్తూ.

రావు గారు అమ్మను కొన్ని స్టీలు గ్లాసులు అడిగారు, పేర్లున్నవి కావాలన్నారు. మా ఇంట్లో గ్లాసులన్నిటికీ ఇచ్చినవాళ్ళ పేర్లు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటాయి. అమ్మ అనుమానంగానే తెచ్చింది. వాటిని బల్ల మీద ఒకదాని వెనక ఒకటి, కాస్త పక్కకు జరుపుతూ, జానెడు ఎడంగా నిలబెట్టారు. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించారు. వెనక మూత తీసి, ఫిల్ము ఉండాల్సిన చోట ట్రేసింగ్ కాగితం బిగుతుగా అతికించి, షట్టరు తెరిచే ఉండేట్టు పెట్టారు. లెన్సు ఏది చూస్తే అది ఆ కాగితం మీద తలకిందులుగా పడుతుంది. "నేను చూడనండి. మీరే చూడండి. ముందు కిటికీలోంచి చూసి, మధ్యలో గ్లాసు మీద కుదర్చండి" అన్నారు. బాపు లేవలేదు. "నా కండ్లు మంచిగ లెవ్వు సార్." రావు గారు, "అది కూడా తెలుస్తుంది, రండి" అన్నారు.

బాపు వంగాడు. అన్నేళ్ళ తర్వాత ఆ రింగు మీద ఆయన వేళ్ళు పడటం నేను చూశాను. వేళ్ళు వెతుక్కోలేదు. మెల్లగా తిప్పి, ఆపి, "కలిసింది" అన్నాడు. రావు గారు తువ్వాలు ఒకటి అడిగి ఆయన తల మీద కప్పి, చేతిలో భూతద్దం పెట్టి, కెమెరా వెనక్కి పంపారు. "ఏ పేరు చదవొస్తుందండి?" అన్నారు రావు గారు. తువ్వాలు కింద నుంచే బాపు చెప్పాడు. "నేను పెట్టింది మల్లయ్య గ్లాసు మీద. గిండ్ల మల్లయ్య లేడు. ఎనకున్న బుచ్చమ్మ గ్లాసు చదవొస్తుంది." మళ్ళీ కుదర్చండి అన్నారు. మళ్ళీ బుచ్చమ్మే. నన్ను చూడమన్నారు. నాకూ బుచ్చమ్మే. చివరికి అమ్మ కూడా బీరువా వదిలి వచ్చి తువ్వాలు కిందికి దూరింది. జర్మనీ కెమెరా కిటికీ లెక్క వేరు, రష్యా లెన్సు లెక్క వేరు, రెండిటికీ పొత్తు కుదరదని రావు గారు విడమరిచి చెప్పారు. ఎండలో లెన్సు రంధ్రం సన్నగా చేస్తాం గనుక ముందూ వెనకా రెండూ స్పష్టంగా పడి ఆ తేడా తెలియదట. పందిరి నీడలో రంధ్రం పూర్తిగా తెరిచిన రోజున బయటపడింది. పేరు నమ్మి కొన్నందుకు వచ్చిన చిక్కు అది, తీసిన మనిషిది కాదు.

నాకు గెంతాలనిపించింది. విన్నవా అమ్మా, బాపు తాగలే, తప్పంతా కెమెరాది అన్నాను. అంతటితో వదిలేసి ఉంటే అందరం సుఖంగా భోజనాలు చేసేవాళ్ళం. రావు గారు అడ్డుపడ్డారు. "అలా అనకమ్మా. ఆ రోజు ఆయన తాగారో లేదో ఇది చెప్పదు. తాగకపోయినా ఆ ఫొటోలు ఇలాగే వచ్చేవని చెబుతుంది. తాగినా ఇలాగే వచ్చేవి. అంతవరకే." నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క అబద్ధం కూడా కాదు, ఒక్క ముక్క మింగేస్తే పోయేదానికి, ఈ మనిషి ఇంటికొచ్చి మరీ అనుమానం మిగిల్చి పోతున్నాడే అనుకున్నాను.

బాపు తువ్వాలు మడత పెడుతున్నాడు. "తాగినా గిట్లనే వస్తుండెనా సార్?" అని మళ్ళీ అడిగాడు. రావు గారు అవునన్నారు. "పక్కా?" అన్నాడు. "మీరే చూశారుగా" అన్నారు ఆయన. బాపు కుర్చీలో కూలబడి, ఎవరి వైపూ చూడకుండా చెప్పాడు. "తాగిన సార్. పొద్దుగాల్ల బావ బలవంతం వెట్టిండని ఒక్క గ్లాసు కల్లు తాగిన. ఏం నిషా లేకుండె. గని ఫొటోలు గట్ల రాంగనే, గా గ్లాసుతోనే తమ్ముని పెండ్లి ఖరాబ్ చేసిన్ననుకున్న. ఇన్నేండ్లు గదే అనుకుంట ఉన్న."

రావు గారు శుభ్రంగా ఉన్న లెన్సునే గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. ఊరంతా బాపును అనుమానించిందని మాకు తెలుసు. అందరి కంటే ఎక్కువగా తన్ను తానే అనుమానించుకున్నాడని మాకెవరికీ తెలియదు. స్టూడియో మూసిందీ, ఫోను కూడా చేతిలోకి తీసుకోనిదీ అందుకేనని ఆ క్షణంలో నాకు అర్థమైంది. అమ్మ గ్లాసులు ఒక్కొక్కటీ ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ వచ్చి, బాపు ముందు నిలబడింది. "నా నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసినవ్ గద" అంది. ఆ మాట మెల్లగానే అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సందు చివరిదాకా రావు గారిని సాగనంపడానికి వెళ్ళాను. ఫ్లైఓవరు కింద ఆగి, సంచి భుజం మార్చుకుని, "నేను రాకపోతే బాగుండేదా అమ్మా?" అన్నారు. ఆ మనిషి తన పని మీద తాను అనుమానపడటం చాలాసార్లు చూశాను. ఇలా దిగులుగా అడగడం మాత్రం అప్పుడే. తెలియదు సార్ అన్నాను. నిజంగానే తెలియదు నాకు.

అమ్మ బాపుతో చాలా రోజులు ముభావంగా ఉంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరూ చెప్పకుండానే, తనే కాకకు ఫోను చేసింది. "తాగిండు. గని తాగి ఖరాబ్ చెయ్యలే. రెండు వేరు వేరు ముచ్చట్లు. నేను నా కండ్లతోని చూసిన" అంది. కాక వచ్చాడు. తువ్వాలు కప్పుకుని బుచ్చమ్మ గ్లాసు చూశాడు. గిదంత మీ బిడ్డ ఆఫీసోళ్ళ కత అని కొట్టిపారేసి, అయినా అన్నం తిని వెళ్ళాడు. అన్న పక్కన కూర్చుని తినడం మాత్రం నేను పుట్టాక అదే మొదటిసారి. కాక నమ్మనందుకు బాపు బాధపడలేదు. తను నమ్మాడు, అది చాలనుకున్నాడేమో.

ఇదంతా ఆఫీసులో రావు గారికి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. చివర్లో కళ్ళజోడు నుదుటి మీదికి పోయింది. "ఒక్క గ్లాసేనని నీకెలా తెలుసు?" అన్నారు. సార్ అని గట్టిగానే అన్నాను. ఆయన నవ్వలేదు. "అనుమానం రావడం నా చేతిలో లేదమ్మా, వచ్చేస్తుంది. అడగాలా వద్దా అన్నది నీ చేతిలో ఉంది. నేనైతే అడిగేసేవాణ్ణి. అందుకే నాకు స్నేహితులు తక్కువ."

ఆయన పోయి ఏడాది దాటింది. గుండె జబ్బన్నారు. ఆఖరికి ఆస్పత్రిలో కూడా తన రిపోర్టు మీద పేరు తనదేనా అని మళ్ళీ చూడమన్నారట, ఆయన భార్య చెప్పి ఏడ్చింది. ఇప్పుడు టెస్టింగ్ టీముకు నేనే మేనేజరును. ఎవరిదో తప్పని అందరూ ఒకే మాట మీద ఉన్న రోజున, తప్పు ఎటు పడిందో చెప్పండి, ప్రతిసారీ అటేనా అని అడుగుతాను. వాళ్ళు విసుక్కుంటారు. నాకూ వెనకాల ఏదో పేరు పెట్టే ఉంటారు. క్యాంటీన్లో నెయ్యి డబ్బా అడిగేంత దూరం వెళ్ళలేదు గానీ, నోటిదాకా వచ్చి ఆగుతుంది. బాపు ఇప్పుడు సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని, ఫోను చేతిలోకి తీసుకుని, అమ్మ వద్దంటున్నా ఆమె ఫొటోలు తీస్తున్నాడు. నేను పక్కనే కూర్చుంటాను. ఆ రోజు పందిట్లో నిజంగా ఒక్క గ్లాసేనా అన్న అనుమానం అప్పుడప్పుడూ వస్తుంది. రావు గారు ఇచ్చిన అనుమానం, అంత తొందరగా పోదు. నేను అడగను.